తండ్రి కోరిన ఇంజనీరింగు చదివి, మనసైన ఫిజిక్సును గెలుచుకున్న హోమీ భాభా

ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఊళ్లలో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. ఎంపీసీ చదివిన కొడుకును ఇంజనీరింగులో చేర్పించాలని తండ్రి పట్టుబడతాడు. ఫిజిక్సు చదువుకుంటానని ఆ పిల్లవాడు నోరు తెరిచి అడిగితే ఇంట్లో రభస మొదలవుతుంది. ఫిజిక్సు చదివితే బడిపంతులు ఉద్యోగం తప్ప ఇంకేమొస్తుందని మేనమామ గద్దిస్తాడు. ఎకరం అమ్మయినా ఇంజనీరును చేద్దామని బాబాయి సలహా ఇస్తాడు. పిల్లవాడు తలవంచుకుని కూర్చుంటాడు. తల్లి ఎవరికీ సర్దిచెప్పలేక వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఈ తగువు ఈనాటిది కాదు. పేదింటిదే అనుకోవడానికీ లేదు. 1928లో బొంబాయిలోని ఒక సంపన్న కుటుంబంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఆనాడు తండ్రీకొడుకులు ఉత్తరాల ద్వారా కుదుర్చుకున్న ఒప్పందం మన దేశ విజ్ఞాన చరిత్రనే ఒక మలుపు తిప్పింది. ఆ కొడుకే భారత అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన డాక్టర్ హోమీ జహంగీర్ భాభా. ఆయన జీవితాన్ని నేటి విద్యార్థులే కాక, వారి తల్లిదండ్రులు కూడా తెలుసుకోవడం అవసరం.

బాల్యం

భాభా 1909 అక్టోబర్ 30న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తాతగారు మైసూరు సంస్థానంలో విద్యాశాఖకు అధిపతిగా పనిచేశారు. తండ్రి జహంగీర్ ఇంగ్లండులో చదివి వచ్చిన న్యాయవాది. మేనత్త మెహర్‌బాయి, టాటా సంస్థల అధిపతి సర్ దొరాబ్జీ టాటా భార్య. ఆ విధంగా జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం కబుర్లు, దేశంలో పరిశ్రమలు పెరగాలన్న మాటలు చిన్ననాటి నుంచే ఆ పిల్లవాని చెవిన పడ్డాయి.

పసితనంలో భాభా చాలా తక్కువగా నిద్రపోయేవారట. తల్లిదండ్రులు కంగారుపడి వైద్యులకు చూపించగా, బిడ్డ మెదడు చురుకైనదే తప్ప జబ్బేమీ లేదని వారు ధైర్యం చెప్పారని అంటారు. ఇంట్లో తాతగారి కాలం నుంచి పోగుచేసిన పుస్తకాలు, తండ్రి కొన్న చిత్రకళా గ్రంథాలు, గ్రామఫోను రికార్డులు ఉండేవి. మరమేకులు బిగించి రకరకాల యంత్రాల బొమ్మలు చేసే మెకానో పెట్టె ఆయనకు ఇష్టమైన ఆటవస్తువు. సంగీతం, చిత్రలేఖనం, యంత్రాలు, గణితం అన్నింటి మీదా ఆ ఇంట్లోనే మక్కువ పుట్టింది. పదహారో ఏటికే ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని చదివి అర్థం చేసుకున్నారని ప్రతీతి.

కెథెడ్రల్ పాఠశాలలో సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష పాసయ్యేనాటికి విదేశీ చదువుకు వయసు చాలలేదు. అందుచేత బొంబాయిలోనే ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో, ఆ తరువాత రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివారు. 1927లో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని గాన్‌విల్ అండ్ కీజ్ కళాశాలలో చేరారు. చేరింది మెకానికల్ ఇంజనీరింగులో.

తండ్రీకొడుకుల ఒప్పందం

కుమారుడు మంచి ఇంజనీరై తిరిగివచ్చి, జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు కర్మాగారంలో పెద్ద బాధ్యత చేపట్టాలన్నది తండ్రి, మామగారు దొరాబ్జీల కోరిక. అందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. దేశానికి ఉక్కు కావాలి, ఉక్కుకు ఇంజనీర్లు కావాలి, ఇంట్లో తెలివైన కుర్రవాడు ఉన్నాడు. ఏ తండ్రి అయినా అలాగే ఆలోచిస్తాడు.

అయితే కేంబ్రిడ్జిలో అడుగుపెట్టిన కుర్రవానికి అక్కడి గాలిలోనే ఫిజిక్సు కనిపించింది. అణువు లోపలి రహస్యాలను ఛేదిస్తున్న రూథర్‌ఫర్డ్ కావెండిష్ ప్రయోగశాల ఆ ఊళ్లోనే ఉంది. క్వాంటం సిద్ధాంతానికి కొత్త రూపమిచ్చిన పాల్ డిరాక్ అక్కడే పాఠాలు చెబుతున్నారు. ఇంజనీరింగు తరగతులు ముగించుకుని భాభా మనసు వాటి వైపు పరుగులు తీసింది. 1928లో ఆయన తండ్రికి విపులంగా ఉత్తరం రాశారు. ఇంజనీరు ఉద్యోగం గానీ వ్యాపారం గానీ తన స్వభావానికి సరిపడవనీ, ఫిజిక్సులోనే తాను ఏదైనా సాధించగలననీ ఆ ఉత్తరం సారాంశం. పెద్ద పదవి మీద తనకు ఆశ లేదని కూడా స్పష్టం చేశారు.

ఇక్కడే తండ్రి జహంగీర్ విజ్ఞత గమనించాలి. ఆయన కుమారుని కోరికను కొట్టిపారేయలేదు. అలాగని మొదలుపెట్టిన చదువును నడిమధ్యలో వదిలేయడానికీ ఒప్పుకోలేదు. ముందు మెకానికల్ ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ శ్రేణి తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే మరి రెండేళ్లు కేంబ్రిడ్జిలోనే ఉండి గణితం చదవడానికి డబ్బు తాను పంపుతానన్నది ఆయన పెట్టిన షరతు. కుమారుడు అంగీకరించారు.

ఇష్టం లేని చదువును మొక్కుబడిగా ముగించడం వేరు, అందులో ప్రథమ శ్రేణి సాధించడం వేరు. యంత్రాల నిర్మాణం, లోహాల బలం, ఉష్ణ యంత్రాలు, విద్యుత్తు వంటి విషయాలను భాభా శ్రద్ధగా చదివారు. 1930లో మెకానికల్ సైన్సెస్ ట్రైపాస్ పరీక్షలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. తండ్రి మాట నిలబెట్టుకున్నారు. 1932లో గణిత ట్రైపాస్‌లోనూ భాభా ప్రథమ శ్రేణే సాధించారు. ఆ గణితం చదువుతున్న 1931-32లోనే ఇంజనీరింగులో ఇచ్చే ఒక ఉపకార వేతనం ఆయనకు లభించడం విశేషం. వదిలిపెట్టి వచ్చానని అనుకున్న చదువే ఆయనకు సాయపడిందన్నమాట.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. గణితంలో భాభాకు గురువైన డిరాక్ సైతం మొదట ఇంజనీరే. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాక, ఆర్థిక మాంద్యం వల్ల ఉద్యోగం దొరక్క గణితం చదివి, 1923లో కేంబ్రిడ్జి చేరి ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. 1933లో నోబెల్ బహుమతి అందుకున్నారు. గురుశిష్యులిద్దరూ ఇంజనీరింగు గడప దాటి ఫిజిక్సు ఇంట్లోకి వచ్చినవారే.

విశ్వకిరణాల పరిశోధన

1932 ఫిజిక్సుకు పంట పండిన సంవత్సరం. ఛాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నారు. కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లు యంత్రంతో అణుకేంద్రకాన్ని చీల్చారు. ఈ రెండూ జరిగింది కావెండిష్‌లోనే. అదే ఏడు అమెరికాలో ఆండర్సన్ పాజిట్రాన్‌ను గుర్తించారు. సరిగ్గా ఆ సమయానికి భాభా పరిశోధనలో ప్రవేశించారు. జూరిచ్‌లో పౌలీ వద్ద, రోమ్‌లో ఫెర్మీ వద్ద, కోపెన్‌హాగెన్‌లో బోర్ వద్ద కొంతకాలం పనిచేసే అవకాశం కూడా ఆయనకు దక్కింది. 1935లో డాక్టరేటు పొందారు.

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదానికొకటి ఎదురుపడి చెదిరిపోయే తీరును భాభా లెక్కగట్టారు. ప్రపంచమంతటా నేటికీ దానిని భాభా స్కాటరింగ్ అనే పేరుతోనే చదువుకుంటున్నారు. 1937లో హైట్లర్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి విశ్వకిరణాల జల్లు ఎలా పుడుతుందో వివరించారు. ఆకాశం నుంచి వచ్చిన ఒక వేగవంతమైన ఎలక్ట్రాన్ గాలిలోని అణువులను దాటేటప్పుడు కాంతికణాన్ని పుట్టిస్తుంది. ఆ కాంతికణం మరో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటను పుట్టిస్తుంది. ఆ జంట మళ్లీ కాంతికణాలను పుట్టిస్తుంది. ఒక్క విత్తనం మొలిచి కంకి వేసి, ఆ కంకి గింజలన్నీ మళ్లీ మొలిచినట్టు, ఒకటి వందలు వేలు అయి నేల మీద కురుస్తుంది.

యుద్ధం ఆపిన ప్రయాణం

1939లో భాభా సెలవులకు బొంబాయి వచ్చారు. సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. ఇంగ్లండు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి.రామన్ భౌతికశాస్త్ర విభాగాన్ని నడుపుతున్నారు. భాభా అక్కడ రీడరుగా చేరి విశ్వకిరణాల పరిశోధన కొనసాగించారు. 1941లో, ముప్పై ఒకటో ఏట, లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

యుద్ధం ముగిశాక తిరిగి యూరపు వెళ్లిపోవాలన్నదే ఆయన మొదటి ఆలోచన. బెంగుళూరులో ఉన్న ఏళ్లలో మనసు మారింది. తెలివైన మన పిల్లలు పై చదువులకు సముద్రాలు దాటవలసిన అవసరం లేకుండా, ఇక్కడే ఆ స్థాయి సంస్థను నెలకొల్పడం తన ధర్మమని భావించారు. 1944 మార్చి 12న సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు లేఖ రాశారు. దేశంలో ముందుముందు అణువిద్యుత్తు కేంద్రాలు వస్తే, వాటికి కావలసిన నిపుణుల కోసం విదేశాల వైపు చూడనక్కర లేకుండా ఇప్పటి నుంచే తయారు చేసుకోవాలన్నది ఆ లేఖలోని ఆశయం. హిరోషిమా మీద బాంబు పడడానికి ఏడాదికి పైగా ముందే ఆయన ఈ దూరదృష్టి కనబరచడం గమనార్హం.

ఫలితంగా 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెంగుళూరులో ఆరంభమై, ఆ ఏడాదే బొంబాయికి తరలింది. పెడ్డర్ రోడ్డులోని ఒక బంగళాలో సగభాగంలో పని మొదలైంది. అది ఆయన పుట్టిన ఇల్లే కావడం విశేషం.

అణుశక్తి సారథ్యం

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో అణుశక్తి సంఘం ఏర్పడింది. ప్రధాని నెహ్రూ దాని అధ్యక్ష బాధ్యతను భాభాకే అప్పగించారు. 1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ వెలిసింది. అదే ఏడు కేంద్రంలో అణుశక్తి శాఖ ఏర్పడగా దానికి ఆయన కార్యదర్శి అయ్యారు. 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగం మీద ఐక్యరాజ్య సమితి జరిపిన మొదటి మహాసభకు అధ్యక్షత వహించారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయడం మొదలైంది. నీటి తొట్టెలో మునిగి ఉండే ఈ రియాక్టరును మన ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులే నిర్మించారు. ఇంధనం మాత్రం బ్రిటన్ నుంచి వచ్చింది. ఆసియాలో, సోవియట్ భూభాగాన్ని మినహాయిస్తే, అదే మొట్టమొదటి రియాక్టరు. తొట్టె నీరు కారకుండా కట్టడం, కడ్డీలను వెంట్రుకవాసి తేడా లేకుండా కదపడం, కిరణాలను లెక్కించే పరికరాలు తయారుచేయడం వంటివి కాగితం మీది ఫిజిక్సు ఒక్కదానితో అయ్యే పనులు కావు. అయిష్టంగా చదివిన మెకానికల్ ఇంజనీరింగు విలువ భాభాకు అక్కడ కనిపించి ఉండాలి. సిద్ధాంతం తెలిసినవారితోనూ, మర పట్టినవారితోనూ సమానంగా మాట్లాడగలిగిన నాయకుడు ఆనాడు దొరకడం దేశం చేసుకున్న అదృష్టం.

1957లో ట్రాంబేలో ఆయన నెలకొల్పిన శిక్షణ పాఠశాల ఈ సందర్భంలో ప్రత్యేకించి పేర్కొనదగినది. ఇంజనీరింగు పట్టభద్రులనూ, సైన్సు పట్టభద్రులనూ ఎంపిక చేసి ఒకే చోట ఏడాది పాటు శిక్షణ ఇచ్చేవారు. ఇంజనీర్లకు అణు భౌతికశాస్త్రం నేర్పేవారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ వారికి ఇంజనీరింగు పరిచయం చేసేవారు. కేంబ్రిడ్జిలో ఐదేళ్లలో తాను విడివిడిగా చదివిన రెండు చదువులను కలిపి ఆయన తరువాతి తరానికి అందించారన్నమాట. ఆ పాఠశాల నేటికీ నడుస్తోంది.

తెలుగునాటితో అనుబంధం

భాభా ఆశయాలలో మన తెలుగువారికీ వాటా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు కాశీలో ఫిజిక్సు చదివి, టాటా వారి ఉపకార వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించారు. తిరిగివచ్చి భాభా వద్ద చేరి, ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దారు. ఆ కృషి ఫలితంగానే 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ చెంతనే ఉన్న ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే. భాభా సంస్థ విశ్వకిరణాల పరిశీలనకు ఎగరవేసిన పెద్ద బెలూన్లకు కూడా హైదరాబాద్ స్థావరమైంది. విశాఖ, శ్రీకాకుళం తీరాల ఇసుకలో దొరికే మోనజైటులోని థోరియం మీద కూడా భాభా ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. యురేనియం తక్కువగా, థోరియం ఎక్కువగా ఉన్న మన దేశానికి మూడు దశల అణువిద్యుత్ ప్రణాళికను ఆయన అందుకే రూపొందించారు.

విమర్శలూ లేకపోలేదు

ఆయన ఊహించినవన్నీ జరగలేదు. సూర్యునిలో జరిగే అణుసంలీన శక్తి మరో రెండు దశాబ్దాలలో మనిషికి వశమవుతుందని 1955లో ఆయన వేసిన అంచనా ఫలించలేదు. అణువిద్యుత్తు కూడా ఆయన ఆశించినంత వేగంగా పెరగలేదు. పరిశోధనకు ఇచ్చే నిధులు, అధికారం ఒకే చోట చేరితే విశ్వవిద్యాలయాలు ఎండిపోతాయని డాక్టర్ మేఘనాథ్ సాహా ఆనాడే విమర్శించారు. నేడు జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల ఫిజిక్సు ప్రయోగశాలల్లో బూజు పట్టిన పరికరాలు చూసినప్పుడు ఆ విమర్శలో కొంత నిజం ఉందనిపిస్తుంది.

అయినా పనిలో ఆయన చూపిన శ్రద్ధ ఎవరూ కాదనలేనిది. రోడ్డు కోసం చెట్టును నరకవలసి వస్తే, వేళ్లతో సహా పెకలించి మరోచోట నాటించేవారు. సంస్థ గోడల మీద మన చిత్రకారుల బొమ్మలు కొనిపెట్టించేవారు. స్వయంగా బొమ్మలు గీసేవారు. పెళ్లి చేసుకోలేదు.

హిమశిఖరంపై అస్తమయం

1966 జనవరి 24న వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి వెళుతుండగా, భాభా ప్రయాణిస్తున్న ఎయిరిండియా బోయింగు విమానం యూరపులోని మాంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొని కూలిపోయింది. అందులోని 117 మందీ మరణించారు. విమానం ఏ స్థానంలో ఉన్నదన్న విషయంలో పైలటుకు, జెనీవా నియంత్రణ కేంద్రానికి మధ్య ఏర్పడిన పొరపాటే కారణమని విచారణలో తేలింది. కుట్ర జరిగిందనే ప్రచారం తరువాత సాగినా అది రుజువు కాలేదు. పదమూడు రోజుల ముందే దేశం ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిని పోగొట్టుకుంది. ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజే ఈ దుర్వార్త వచ్చింది. అప్పటికి భాభా వయసు 56 సంవత్సరాలు. మరుసటి ఏడాది ట్రాంబే సంస్థకు భాభా అణు పరిశోధన కేంద్రమని పేరు పెట్టారు.

నేటి విద్యార్థులకు

భాభా ఐదేళ్లు పట్టి చదివిన రెండు విద్యలు నేడు ఒకే డిగ్రీగా లభిస్తున్నాయి. ఇంజనీరింగు ఫిజిక్సు పేరుతో హైదరాబాద్, బొంబాయి, ఢిల్లీ ఐఐటీలలో నాలుగేళ్ల బీటెక్ కోర్సు ఉంది. క్వాంటం సిద్ధాంతం, విద్యుదయస్కాంత శాస్త్రం, ఉష్ణశాస్త్రం వంటి ఫిజిక్సు పాఠాలతో పాటు ఎలక్ట్రానిక్స్, పరికరాల తయారీ, కంప్యూటరు లెక్కలు కూడా ఇందులో నేర్పుతారు. సెమీకండక్టర్లు, లేజర్లు, అంతరిక్షం, అణుశక్తి రంగాల్లో ఈ రెండూ తెలిసినవారి అవసరం ఉంది. మామూలు బీటెక్ మొదటి ఏట అందరూ చదివే ఇంజనీరింగు ఫిజిక్సు పేపరు ఈ డిగ్రీకి గుమ్మం వంటిది. ఎలాగో పాసయితే చాలని ఆ పేపరును దాటేసేవారే ఎక్కువ.

ఇంట్లో తగువు వచ్చినప్పుడు భాభా కథలో ఇద్దరి నుంచీ నేర్చుకోవలసింది ఉంది. తన మనసులోని మాటను దాచకుండా, మర్యాద తప్పకుండా, కారణాలతో తండ్రికి విన్నవించుకోవడం కుమారుని నుంచి నేర్చుకోవాలి. చేతిలో ఉన్న చదువును ముందు చక్కగా పూర్తిచేసి చూపడమూ ఆయన నుంచే నేర్చుకోవాలి. అడిగిన వెంటనే కాదనకుండా, పిల్లవాని పట్టుదలకు ఒక పరీక్ష పెట్టి, అతను నెగ్గిన నాడు ఇచ్చిన మాటకు కట్టుబడడం తండ్రి జహంగీర్ నుంచి నేర్చుకోవాలి.

ఆ తండ్రి ఆనాడు ససేమిరా అని ఉంటే జంషెడ్‌పూర్‌కు మరొక మంచి ఇంజనీరు దొరికేవాడు. ట్రాంబేకు మాత్రం భాభా దొరికేవారు కారు.